ఉప్పు మోడల్ చెప్పిందా, నేను చెప్పించానా: బంగాళాఖాతంతో నా అనుభవం

పీహెచ్‌డీలో చేరిన వారానికే మా గైడ్ గారు నాకు పని చెప్పారు. 2010 నుంచి 2014 వరకు ఐదేళ్ల బంగాళాఖాతాన్ని కంప్యూటర్లో మళ్లీ నడిపించాలి. ఏ రోజు ఏ చోట నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయి, ఎంత ఉప్పగా ఉన్నాయి, ఎటు పారాయి, పై నీరూ కింది నీరూ ఎంత లోతు వరకు కలిశాయి, ఇవన్నీ రావాలి. "ఏడాదిలోపు నమ్మదగ్గ రన్ ఒక్కటి వస్తే చాలమ్మా" అన్నారు సార్. ఆ రోజు ఆ మాట నాకు అర్థం కాలేదు. ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతోంది, డేటా దొరుకుతోంది, పెద్ద కంప్యూటర్ ఉంది. ఇంక ఏడాది దేనికి అనుకున్నాను. చివరికి నాకు రెండున్నరేళ్లు పట్టింది. ఈ పని కొత్తగా మొదలుపెట్టే తెలుగు పిల్లలకు పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది భీమిలి. అమ్మ తరఫు వాళ్లందరూ వేటకు వెళ్లేవాళ్లే. చిన్నప్పుడు నాకు సముద్రమంటే తెల్లారగట్ల బోట్లు ఒడ్డుకొచ్చే చోటు, అంతే. అది చదువుగా మారింది హుద్‌హుద్ తర్వాత. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. కైలాసగిరి మీది పచ్చదనం ఒక్క రోజులో పోయింది. ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. అయినా మా వాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు నీటి మీద లేరు, హెచ్చరిక ముందే వచ్చింది కాబట్టి. అంత పెద్ద గాలి ఎక్కడికి వస్తుందో రోజుల ముందే ఎలా లెక్కగట్టారన్న ప్రశ్న నన్ను ఓషనోగ్రఫీ అనే సముద్ర శాస్త్రం దాకా తీసుకొచ్చింది.

మేము వాడిన మోడల్ పేరు రోమ్స్. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రాంతీయ సముద్రాల కోసం తయారుచేసింది. ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) వాళ్లు మన చుట్టూ ఉన్న సముద్రాల స్థితిని ముందుగా చెప్పడానికి వాడేవాటిలో ఇదీ ఒకటి. చేసే పని చెప్పడానికి సులువే. సముద్రాన్ని గడులుగా కోస్తాం. ఒక్కో గడిలో వేడి ఎంత, ఉప్పు ఎంత, నీరు ఎటు ఎంత వేగంగా పోతోంది, పైన నీటిమట్టం ఎంత అన్నది మోడల్ గుర్తుపెట్టుకుంటుంది. పక్క గడి నుంచి ఏమొస్తుంది, పక్క గడికి ఏం పోతుంది, పైనుంచి గాలీ ఎండా వానా ఏం చేస్తాయి అన్నది న్యూటన్ సూత్రాలతో లెక్కగట్టి, పది నిమిషాల తర్వాత ఇవన్నీ ఎలా మారతాయో చెబుతుంది. అక్కణ్నుంచి ఇంకో పది నిమిషాలు. ఐదేళ్లంటే అలాంటి అడుగులు 2,62,944.

నా గ్రిడ్, అంటే ఈ గడుల వల, తూర్పు రేఖాంశం 77 నుంచి 99 వరకు, ఉత్తర అక్షాంశం 4 నుంచి 23 వరకు. ఒక్కో గడి డిగ్రీలో పన్నెండో వంతు, అంటే దాదాపు 9 కిలోమీటర్లు. అడ్డంగా 264, నిలువుగా 228, లోతులోకి 40 పొరలు. మొత్తం 24 లక్షల గడులు. వాటిలో నేల మీద పడినవాటిని మూసేయాలి. మాస్క్ అనే ఈ మూసే పని ప్రోగ్రాం చాలావరకు చేస్తుంది, కానీ తీరం వెంబడి చేత్తో దిద్దక తప్పదు. భారత తీరం, బంగ్లాదేశ్, మయన్మార్, అండమాన్ దీవులు ఒక్కో గడీ చూసుకుంటూ వెళ్లేసరికి పది రోజులయింది. విసుగ్గా ఉంటుంది, కానీ ఇక్కడ తొందరపడితే తర్వాత ఏడవాలి. నేను తొందరపడ్డాను.

అసలు కష్టం మాత్రం సముద్రపు అడుగుతో మొదలైంది. రోమ్స్‌లో పొరలు బల్లపరుపుగా ఉండవు. అడుగు ఎలా ఉంటే పొరలు అలా వంగుతాయి. ఒడ్డు దగ్గర 20 మీటర్ల లోతులోనూ 40 పొరలే, నడిసముద్రంలో 3,500 మీటర్ల లోతులోనూ 40 పొరలే. తీరం దగ్గర సంగతులు వివరంగా తెలుస్తాయి కాబట్టి ఇది మంచి ఏర్పాటే. కాకపోతే అడుగు ఒక్కసారిగా పడిపోయే చోట పొరలు కొండ మీది మెట్లలా నిటారుగా దిగిపోతాయి. మన తూర్పు తీరంలో ఒడ్డు నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటగానే జరిగేది అదే. వంద మీటర్ల లోతు చూస్తూ చూస్తూ వేలల్లోకి వెళ్లిపోతుంది.

దీనివల్ల ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నాకు ఇప్పటికీ ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. గాలి ఆపేస్తాం. ఎండ, వాన, నదులు, ఆటుపోట్లు అన్నీ ఆపేస్తాం. సరిహద్దులు మూసేస్తాం. సముద్రమంతటా ఒకే లోతులో ఒకే వేడి, ఒకే ఉప్పు ఉండేలా నింపుతాం. తేలిక నీరు పైన, బరువు నీరు కింద. కదిలించేది ఏదీ లేదు కాబట్టి నీరు కదలకూడదు. వేగం సున్నా రావాలి. నెల రోజులు నడిపి చూశాను. నీరు కదిలింది! అండమాన్ దీవుల చుట్టూ, మన తీరపు వాలు వెంబడి, సెకనుకు ఇరవై ముప్పై సెంటీమీటర్ల ప్రవాహాలు కనిపించాయి. గాలే లేని సముద్రంలో అలాంటి ప్రవాహం ఎక్కణ్నుంచి వస్తుంది?

లెక్కలోంచి వస్తుంది. వాలిపోయిన పొర వెంబడి పక్క గడికి వెళ్తే లోతు మారుతుంది, దానితో ఒత్తిడీ మారుతుంది. ఆ మార్పుని మోడల్ రెండు పెద్ద అంకెలుగా లెక్కగట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. నిజంలో రెండూ సమానం, తేడా సున్నా. కంప్యూటర్లో చిన్న శేషం మిగులుతుంది. ఆ శేషమే లేని బలంగా మారి నీటిని తోస్తుంది. దీనికి మందు ఒక్కటే, అడుగుని నునుపు చేయడం. పక్కపక్క గడుల లోతుల తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది 0.2 దాటకూడదని ఒక వాడుక లెక్క ఉంది. ఒక గడి 100 మీటర్లు, పక్క గడి 900 మీటర్లు ఉంటే ఆ లెక్క 0.8 వస్తుంది. దాన్ని 0.2కి తేవాలంటే 400, 600 చేయాలి. అంటే ఒక చోట 300 మీటర్లు తవ్వి, ఇంకో చోట 300 మీటర్లు పూడ్చాలి.

ఇక్కడ నాకు మనసు చివుక్కుమంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి మన దగ్గర ఓషనోగ్రఫీకి పునాది వేసినవాళ్లలో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఒకరు. ఆయన మన తీరపు వాలులో ఉన్న లోతైన లోయలని వర్ణిస్తూ వాటిలో ఒకదానికి ఆంధ్ర కాన్యన్ అని, ఇంకోదానికి మహదేవన్ కాన్యన్ అని పేర్లు వాడారు. మహదేవన్ గారు అప్పట్లో ఆ విశ్వవిద్యాలయంలో జియాలజీ ప్రొఫెసర్. ఎమ్మెస్సీలో ఆ పేర్లు చదివినప్పుడు మా ఊరి నీళ్ల కింద ఇలాంటివి ఉన్నాయా అని ఎంత సంబరపడ్డానో. ఇప్పుడు నా గ్రిడ్‌లో చూస్తే, 9 కిలోమీటర్ల గడిలో ఆ లోయలు సగం ముందే చెరిగిపోయి ఉన్నాయి. మిగిలిన సగాన్ని నేనే నునుపు చేసి పూడ్చేశాను. పరీక్ష మళ్లీ పెడితే లేని ప్రవాహాలు సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు దిగాయి. మన తీరం వెంబడి అసలు ప్రవాహం బలంగా ఉన్నప్పుడు సెకనుకు మీటరు దాకా ఉంటుంది కాబట్టి ఇంత తప్పుని భరించవచ్చు. కానీ ఏం పోగొట్టుకుని ఆ ఫలితం తెచ్చుకున్నానో నా నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసిపెట్టుకున్నాను. ప్రతి మోడలర్‌కీ అలాంటి పేజీ ఒకటి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

తర్వాత గడియారం. సముద్రపు పైమట్టంలో వచ్చే పొడుగాటి అల వేగం లోతు మీద ఆధారపడుతుంది. 3,500 మీటర్ల లోతులో అది సెకనుకు 185 మీటర్లు, గంటకు 660 కిలోమీటర్ల పైమాటే. 2004 డిసెంబర్ 26న సునామీ మన తీరానికి వచ్చింది ఇదే లెక్కతో. అలాంటి అల నా గడిని 50 సెకన్లలోపు దాటేస్తుంది. మోడల్ వేసే కాలపు అడుగు అంతకంటే పొడుగైతే అల దాని చేతిలోంచి జారిపోయి లెక్క బద్దలవుతుంది. 1928లో కూరాంట్, ఫ్రెడ్రిక్స్, లూయీ అనే ముగ్గురు గణిత శాస్త్రజ్ఞులు చెప్పిన నియమం ఇది. అందుకే రోమ్స్ రెండు గడియారాలతో నడుస్తుంది. పైమట్టాన్ని 20 సెకన్లకోసారి, వేడినీ ఉప్పునీ లోపలి ప్రవాహాలనీ 600 సెకన్లకోసారి లెక్కగడుతుంది.

అన్నీ కలిపి మొదటి అసలు రన్ వేశాను. రాత్రి పదకొండింటికి జాబ్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి లాగ్ ఫైల్ చూస్తే చివరి లైన్లో 'బ్లో అప్' అని, అంటే లెక్క బద్దలైందని, ఉంది. మోడల్లో మూడో రోజు కూడా పూర్తి కాలేదు. కాలపు అడుగు మార్చి మళ్లీ వేస్తే మళ్లీ అదే. వారం రోజులు ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. కనిపించిన సెట్టింగులన్నీ ఒకేసారి మార్చి చూశాను. అది తప్పు. ఏది మారిస్తే ఏమయిందో తెలియకుండా పోతుంది. మా ల్యాబ్‌లో సీనియర్ అక్క వచ్చి లాగ్‌ని, అంటే ప్రోగ్రాం తన పని రాసుకునే ఫైల్ని, కింది నుంచి పైకి చదవమంది. ప్రతి కాలపు అడుగులో నీటి వేగం ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ ఉందో రోమ్స్ ఆ గడి సంఖ్యతో సహా రాస్తుంది. ఆ సంఖ్య ప్రతిసారీ ఒకటే! మ్యాప్ మీద పెట్టి చూస్తే మేఘనా నది సముద్రంలో కలిసే చోట ఒకే గడి వెడల్పున్న సందు. లోతు 2 మీటర్లు. అక్కడ ఆటుపోట్లు చాలా పెద్దవి. నీరు వెనక్కి తీసే పాటు సమయంలో నా గడి ఎండిపోతోంది. నీరే లేని గడిలో నీటి వేగం లెక్కగట్టమంటే ఏ ప్రోగ్రాం చేస్తుంది? మాస్క్ దిద్దేటప్పుడు నేను తొందరపడి వదిలేసిన సందు అది. దాన్ని మూసి, ఎక్కడా లోతు 10 మీటర్లకు తగ్గకుండా చేశాక రన్ సాగింది.

బ్లో అప్ అవడం ఒకరకంగా మేలే, తప్పు ఉందని గట్టిగా చెబుతుంది. చెప్పకుండా నడిచిపోయే తప్పులే ప్రమాదం. గాలి, ఎండ, వాన నేను ఈఆర్ఏ5 అనే డేటాలోంచి తీసుకున్నాను. యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేస్తుంది, గంట గంటకీ ఉంటుంది. అందులో ఎండ శక్తి గంటలో పోగైన మొత్తంగా ఉంటుంది, 3,600తో భాగించాలి. వాన మీటర్లలో ఉంటుంది, దాన్నీ మార్చుకోవాలి. ఇవన్నీ జాగ్రత్తగా చేశాను. ఒక్కటి మాత్రం చూసుకోలేదు. ఆ ఫైళ్లలో అక్షాంశాలు ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా ఉంటాయి. నా గ్రిడ్ దక్షిణం నుంచి ఉత్తరానికి. నేను రాసిన చిన్న ప్రోగ్రాం వరస సంఖ్యలు చూసింది కానీ అక్షాంశాలు చూడలేదు.

రన్ హాయిగా ఏడాది నడిచింది. జులై మ్యాప్ తీస్తే శ్రీలంకకి ఆగ్నేయంగా నడిసముద్రంలో నీళ్లు వేడెక్కిపోయి ఉన్నాయి. నైరుతి గాలి జోరుగా వీచే నెలలో అక్కడ గాలి దాదాపు లేదు. మోడల్లో ఏదో కొత్త సంగతి కనిపెట్టాననుకుని రెండు రోజులు పేపర్లు కూడా వెతికాను. మూడో రోజు ఆ గాలి లేని మచ్చ అంచుని తదేకంగా చూస్తుంటే ఎక్కడో చూసిన గీతలా అనిపించింది. బెంగాల్ డెల్టా తీరరేఖ, తలకిందులుగా. నేల మీద నెమ్మదించిన గాలిని తీసుకెళ్లి నడిసముద్రం మీద పెట్టాను. అప్పటినుంచి నాకొక అలవాటు. మోడల్‌కి ఇచ్చే ప్రతి ఫైల్నీ ముందు బొమ్మగా గీసి, దాని మీద తీరరేఖ వేసి, కళ్లతో చూశాకే లోపలికి పంపిస్తాను.

నదుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బంగాళాఖాతం మిగతా సముద్రాల్లాంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన కలిసి వర్షాకాలంలో సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్ల మంచినీరు దీంట్లో పోస్తాయి. ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ ఉండనే ఉన్నాయి. మనకి ధవళేశ్వరం లెక్క అలవాటు కాబట్టి అలా చెబుతాను. అక్కడ 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అది సెకనుకు 28,300 ఘనపు మీటర్లు. గంగా బ్రహ్మపుత్రల వర్షాకాలపు ప్రవాహం అలాంటి గోదావరులు మూడున్నర. ఈ మంచినీరు తేలిక కాబట్టి వెంటనే కలిసిపోదు, ఉప్పునీటి మీద పలచని దుప్పటిలా పరుచుకుంటుంది. మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు ఉంటే, వర్షాకాలం తర్వాత ఉత్తర బంగాళాఖాతంలో పైన 30 కంటే తక్కువే. ఆ దుప్పటి కింద నీరు వేడిగానే ఉండిపోతుంది. గాలి ఎంత కలిపినా చల్లటి నీరు పైకి రాదు. వర్షాకాలం తర్వాత ఇక్కడికి వచ్చే తుపానులకు వేడి కరువు లేకపోవడానికి ఒక కారణం ఇదే.

సరే, నదుల్ని నెలవారీ సగటులతో తీరం దగ్గర గడుల్లో పోశాను. ఆరేళ్లు ఒకే సగటు గాలితో తిప్పి (దీన్నే స్పిన్-అప్ అంటారు) సముద్రం నిలకడకు వచ్చాక, 2010 జనవరి నుంచి అసలు గాలులతో ఐదేళ్లు నడిపాను. 64 ప్రాసెసర్ కోర్ల మీద ఒక్కో ఏడాదికి ఒక రోజుకి కొంచెం తక్కువ పట్టింది. మధ్యలో డిస్క్ నిండి 2013 వర్షాకాలం మొత్తం ఖాళీ ఫైళ్లుగా వచ్చింది, మళ్లీ వేశాను. చివరికి ఐదేళ్లూ చేతికి వచ్చాయి. ఫలితాలు చాలా బాగున్నాయి. ఉపరితలంలో ఉప్పు నెలవారీ సగటు మ్యాపులు వరల్డ్ ఓషన్ అట్లాస్ అనే కొలతల సగటు మ్యాపులతో పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. సంతోషంతో గ్రూప్ మీటింగ్‌లో చూపించాను.

సార్ అంతా విన్నారు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు. "ఈ ఉప్పు మోడల్ చెప్పిందామ్మా, నువ్వు చెప్పించావా?"

నాకు వెంటనే అర్థమైంది, మొహం వేడెక్కింది. రోమ్స్‌లో రీస్టోరింగ్ అని ఒక ఏర్పాటు ఉంది. మోడల్లో ఉప్పు దారి తప్పకుండా, పై పొరలోని ఉప్పుని కొలిచిన సగటు వైపు మెల్లగా లాగుతూ ఉంటుంది. నేను 15 రోజుల గడువుతో అది పెట్టాను. దేని వైపు లాగింది? వరల్డ్ ఓషన్ అట్లాస్ వైపే. తర్వాత దేనితో పోల్చాను? దానితోనే. సమాధానం చూపించి పరీక్ష రాయించి, పాసయిందని చప్పట్లు కొట్టుకున్నట్టయింది. చాలామంది రీస్టోరింగ్ వాడతారు, వాడటం తప్పు కాదు. వాడానన్న సంగతి పోలిక దగ్గర మర్చిపోవడం తప్పు.

ఆ దసరాకి ఇంటికి వెళ్లాను. చిన మావయ్య వల బాగుచేసుకుంటున్నాడు. ఊరికే మాటల్లో మోడల్ గురించి చెప్పాను, సముద్రంలో ఉప్పు ఎంతుంటుందో కంప్యూటర్లో చూస్తున్నానని. మావయ్య తల ఎత్తకుండానే అన్నాడు, "కార్తీకంలో నీళ్లు చప్పగుంతాయి అమ్మీ. ఉత్తరం నుంచి దిగుతాయి. వల ఏసినామంటే దచ్చినానికి లాక్కుపోతాది. శానా దూరం దాటి లోనికెల్తే మళ్లీ ఉప్పే." నేను అక్కడే కూర్చుండిపోయాను. నా మ్యాపులో కార్తీకంలో భీమిలి ముందు నీళ్లు చప్పగా లేవు. లోపలా ఒడ్డు దగ్గరా దాదాపు ఒకేలా ఉన్నాయి.

మావయ్య చెప్పింది శాస్త్రానికి తెలియని సంగతి కాదు. 2014లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. తూర్పు తీరం వెంబడి మత్స్యకారుల చేత క్రమం తప్పకుండా సీసాల్లో సముద్రపు నీళ్లు పట్టించి, ఉప్పు కొలిచారు. వర్షాకాలం తర్వాత ఉత్తరాన గుమిగూడిన మంచినీరు వంద కిలోమీటర్ల వెడల్పున్న సన్నని పట్టీగా మన తీరాన్ని ఆనుకుని దక్షిణానికి పారుతుందని అందులో తేలింది. దానికి వాళ్లు పెట్టిన పేరు 'సముద్రంలో నది'. నేను ఆ పేపర్ ఎమ్మెస్సీలోనే చదివాను. చదివీ నా మ్యాపులో అది లేదన్న సంగతి పట్టించుకోలేదు. ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. అట్లాస్ అంటే దశాబ్దాల కొలతల్ని వెడల్పుగా పరిచి తీసిన సగటు. అందులో అంత సన్నని నది నిలవదు. నా మోడల్ ఆ నదిని తయారుచేసే ఉంటుంది. రీస్టోరింగ్ దాన్ని ఎప్పటికప్పుడు తుడిచేసింది.

తిరిగి వెళ్లగానే రీస్టోరింగ్ తీసేసి మళ్లీ నడిపాను. రెండేళ్లలోపే ఉత్తర బంగాళాఖాతం ఉండాల్సినదానికంటే ఉప్పగా తయారైంది. అంటే మంచినీరు వస్తోంది కానీ పైన నిలవడం లేదు, కిందికి కలిసిపోతోంది. ఇదీ నా గ్రిడ్ తప్పే అని తేలడానికి నాలుగు నెలలు పట్టింది. 40 పొరల్ని లోతంతా పరిచిన తీరులో నడిసముద్రం దగ్గర పై పొరే ఏడెనిమిది మీటర్ల మందం ఉంది. పది మీటర్ల మంచినీటి దుప్పటిని ఒకే పొరలో ఎలా దాచగలం? పొరల్ని పైకి దగ్గర దగ్గరగా జరిపి, పై పొర మందం మీటరు చుట్టుపక్కలకి తెచ్చాను. నదుల్ని నెలవారీ సగటు కాకుండా ఆయా సంవత్సరాల ప్రవాహంతో పోశాను. గంగా బ్రహ్మపుత్రల నీటిని ఒకే గడిలో కుమ్మరించకుండా డెల్టా వెంబడి చాలా గడులకి పంచాను. ఆరేళ్ల స్పిన్-అప్ మళ్లీ, ఐదేళ్లు మళ్లీ.

ఈసారి 2011 అక్టోబర్ ఉప్పు మ్యాపు తెరిచినప్పుడు ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒడిశా తీరం నుంచి సన్నని నాలుకలాగా చప్పటి నీరు మొదలై, రోజు రోజుకీ ఒక్కో ఫ్రేమ్‌లో కళింగపట్నం, భీమిలి, కాకినాడ దాటుకుంటూ దిగింది. ఒడ్డు నుంచి వంద కిలోమీటర్ల దగ్గర ఉప్పు గీత ఒక్కసారిగా మారిపోయింది. ఎవరూ లాగలేదు, ఎవరూ చెప్పించలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ సార్ ప్రశ్న గుర్తుంది కాబట్టి పోలికకి మోడల్ ఎప్పుడూ చూడని కొలతలే తీసుకున్నాను. చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు లంగరు వేసి ఉంచిన బాయ్‌లు, అంటే నీటి మీద తేలే కొలత పరికరాలు, 90వ రేఖాంశం మీద 8, 12, 15 అక్షాంశాల దగ్గర ఉన్న, హిందూ మహాసముద్రాన్ని కొలిచే రామా వరసలోని బాయ్‌లు, వెయ్యి మీటర్ల లోతులో తేలుతూ పది రోజులకోసారి రెండు వేల మీటర్లు దిగి పైకి వస్తూ వేడినీ ఉప్పునీ కొలిచే ఆర్గో ఫ్లోట్లు. 2011లో నాసా, అర్జెంటీనా కలిసి పంపిన అక్వేరియస్ ఉపగ్రహం ఉప్పుని పైనుంచే కొలిచింది, కానీ తీరం దగ్గర నేల ప్రభావం వల్ల దాని కొలత పనికిరాదు. సరిగ్గా మా నది ఉన్న చోటే. మత్స్యకారుల సీసాల విలువ ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

పోలికలో నా మోడల్ తప్పులు కూడా స్పష్టంగా బయటపడ్డాయి. తీరపు ప్రవాహం వసంతంలో ఉత్తరానికి, వర్షాకాలం తర్వాత దక్షిణానికి పారుతుంది. ఆ మళ్లింపు నా మోడల్లో రెండు వారాలు ఆలస్యం. చలికాలంలో ఉత్తరాన పై నీటికంటే కింది నీరు వెచ్చగా ఉండే విచిత్రం వచ్చింది, కానీ ఉండాల్సినంత బలంగా రాలేదు. హుద్‌హుద్ రోజులు నేను విడిగా చూశాను. ఈఆర్ఏ5 గడి 31 కిలోమీటర్లు, దాంట్లో తుపాను కన్ను చుట్టూ ఉండే అసలు గాలి పూర్తిగా పట్టదు. అందుకే తుపాను వెనక నీరు ఎంత చల్లబడిందన్న అంకెని నేను నమ్మలేదు. అయితే రెండు రన్‌లకీ ఇచ్చింది అదే గాలి. రీస్టోరింగ్ ఉన్న రన్‌లో కొన్ని చోట్ల నీరు డిగ్రీ పైనే ఎక్కువ చల్లబడింది. సముద్రంలో నది ఉన్న రన్‌లో దుప్పటి కింది వేడి అలాగే నిలిచింది. ఉప్పు తప్పుగా ఉంటే తుపానుకి అందే వేడి కూడా తప్పుతుంది. మా ఇంటి మీదుగా వెళ్లిన తుపాను కాబట్టి ఆ రెండు మ్యాపుల్నీ చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మొన్న సంక్రాంతికి లాప్‌టాప్‌లో ఆ వీడియో మావయ్యకి చూపించాను. రెండుసార్లు వేయించుకున్నాడు. "ఇక్కడ మెలి తిరగాల కదేటి" అన్నాడు, తెరమీద విశాఖకి కొంచెం దక్షిణాన వేలు పెట్టి. "అక్కడ లోతు ఒక్కపాలిన పడిపోద్ది. నీరు సుడి కడతాది. నీ దాన్లో తిన్నగా పోతంది." నేను నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకున్న పేజీ గుర్తొచ్చింది.

ఇప్పుడు మూడు కిలోమీటర్ల గడులతో పశ్చిమ భాగం ఒక్కటే నడుపుతున్నాను. గడి పొడవూ వెడల్పూ మూడో వంతయితే కాలపు అడుగు కూడా మూడో వంతు కావాలి, అంత మేరకీ పని 27 రెట్లు. సముద్రపు అడుగుని నునుపు చేశాక కూడా తీరపు వాలులో రెండు మూడు చోట్ల లోతైన గాడి మిగిలింది. గాలి లేని ఆ పరీక్ష మళ్లీ పెట్టాను, సెకనుకు నాలుగు సెంటీమీటర్లు వచ్చింది, కొంచెం ఎక్కువే కానీ ఆ గాడిని పూడ్చబుద్ధి కాలేదు. సార్ సరేనన్నారు. రన్ ఈ పూట 2012 మార్చి దాటింది. ఆ ఏడాది అక్టోబర్ రావడానికి ఇంకా పదిహేను రోజులు పడుతుంది.